బేతాళుడికి కథలందించిన తెనాలాయన

దయ్యాల్లో రెండు రకాలున్నాయి. రక్తం తాగేవి, బుర్ర తినేవి. మొదటి రకం దొరల దేశం నుంచి వచ్చింది. నల్లకోటు తొడుక్కుని, కోరలు బయటపెట్టుకుని, అర్ధరాత్రి కిటికీలోంచి దిగి కన్నెపిల్లల మెడ కొరుకుతుంది. డ్రాకులా అంటే చిన్నపిల్లలకి కూడా తెలుసు. రెండో రకం అచ్చంగా మనది. శ్మశానంలో చెట్టుకొమ్మకి వేలాడే శవంలో కాపురముంటుంది. ఎవరైనా దింపి భుజాన వేసుకుంటే ఒక్క చుక్క రక్తం ముట్టుకోదు, కథ మొదలుపెడుతుంది. కథ చివర ఒక ప్రశ్న వేస్తుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై వచ్చిన పని చెడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదన్నమాట.

వాడే బేతాళుడు. చందమామ చదివి పెరిగిన ఇళ్ళలో ఈ బేతాళుడికి జడుసుకున్న పిల్లని నేనింతవరకూ చూడలేదు. జడుసుకోకపోగా నెలనెలా వాడికోసం ఎదురుచూసేవాళ్ళం. శవాన్ని భుజాన వేసుకుపోయే కథ కోసం పసిపిల్లలు కాచుక్కూచోడమేమిటి చెప్పండి! ఈ వింత వెనక మన తెనాలి మనిషి ఒకాయన ఉన్నారు. కొడవటిగంటి కుటుంబరావుగారు. కథలూ నవలలూ చదివే పెద్దవాళ్ళకి ఆయన పేరు బాగా తెలుసు. బేతాళ కథ చదివే పిల్లలకి మాత్రం తెలియదు. ఎందుకు తెలియదో తరవాత చెబుతాను.

బేతాళుడి పుట్టిల్లు

ముందు మన దయ్యంగారి పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలో ఈ కథలున్నాయి. బేతాళ పంచవింశతి అని విడిగా కూడా ప్రచారంలో ఉన్నాయి. పంచవింశతి అంటే పాతిక. ఒక భిక్షువు రోజూ రాజుగారి కొలువుకి వచ్చి ఒక పండు చేతిలో పెట్టి పోతుంటాడు. రాజు దాన్ని పట్టించుకోకుండా అవతల పడేయిస్తుంటాడు. ఒకనాడు ఒక కోతి ఆ పండు కొరికితే లోపల్నించి రత్నం పడుతుంది. ఇన్నాళ్ళూ ఇన్ని రత్నాలు ఇచ్చినవాడు ఏదో అడిగితే కాదనడం ఎలా? అందుకని శ్మశానంలో చెట్టుమీది శవాన్ని తెచ్చిపెట్టడానికి రాజు ఒప్పుకుంటాడు. ఊరికే ఎవరేం ఇచ్చినా ఒకటికి రెండుసార్లు చూసుకోవాలని మన పెద్దవాళ్ళు చెప్పేది ఇందుకే కాబోలు.

1870లో రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషు దొర ఈ కథల్లోంచి పదకొండు తీసుకుని, తన ఇష్టం వచ్చినట్టు పెంచి, బోలెడు వెటకారం కలిపి ఒక పుస్తకం వేశాడు. బేతాళుడికి ఇంగ్లీషులో ఏదో ఒక పేరు పెట్టాలి కదా, వాంపైర్ అన్నాడు. విక్రమ్ అండ్ ది వాంపైర్ అని పుస్తకం పేరు. బ్రామ్ స్టోకర్ రాసిన డ్రాకులా నవల వచ్చింది 1897లో. అంటే కోరల దొరకంటే మన కబుర్లరాయుడే ఇంగ్లీషువాళ్ళకి ముందు పరిచయమయ్యాడు. ఇంకో తమాషా ఏమిటంటే ఈ బర్టన్‌నీ స్టోకర్ ఎరుగును. మాట్లాడేటప్పుడు పైపెదవి లేచి బర్టన్ కోరపన్ను కత్తిలా మెరవడం స్టోకర్‌కి మనసులో నాటుకుపోయింది. తరవాతెప్పుడో ఆ సంగతి రాసుకున్నాడు కూడా. డ్రాకులా కోరలు మన బేతాళుణ్ణి సీమకి తీసుకెళ్ళిన దొరగారి నోట్లోంచే వచ్చాయో ఏమో! ఇది నా ఊహే లెండి.

అసలు పాతిక కథల్లో నాకు బాగా ఇష్టమైంది సుకుమారులైన ముగ్గురు రాణుల కథ. ఒకావిడ ఒళ్ళో కలువపువ్వు పడితే తొడ కందిపోతుంది. రెండో ఆవిడకి వెన్నెల సోకితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. మూడో ఆవిడ ఎక్కడో దూరాన ఎవరో దంచుతుంటే ఆ రోకటి చప్పుడు వింటుంది, అంతే, చేతులు కమిలిపోతాయి. ఎవరు ఎక్కువ సుకుమారి అని బేతాళుడి ప్రశ్న. ఏమీ తగలకుండానే కమిలింది గనక మూడో ఆవిడేనంటాడు రాజు. తర్కానికి లోటు లేదు. కానీ ఏటా వేసంగిలో మిరపకాయలు దంచి చేతులు మండించుకునే మన గుంటూరు ఆడవాళ్ళ ముందు ఈ కథ చెప్పి చూడండి, రాజుగారికీ రాణిగారికీ కూడా ఎలాంటి అక్షింతలు పడతాయో!

పాత కథల్లో ప్రశ్నలన్నీ దాదాపు ఈ దారిలోవే. ఎవరు గొప్ప, ఎవరు సుకుమారి, పాపం ఎవరిది, పిల్ల ఎవరికి చెందాలి. చనిపోయిన పిల్లకి ముగ్గురు వరులుంటారు. ఒకడు చితాభస్మం మీద పడుకుంటాడు, ఒకడు ఎముకలు గంగలో కలపడానికి పోతాడు, ఒకడు మంత్రం నేర్చుకొచ్చి బతికిస్తాడు. బతికించినవాడు తండ్రితో సమానం, ఎముకలు మోసినవాడు కొడుకుతో సమానం, బూడిదలో పడుకున్నవాడే మొగుడు అని రాజు తీర్పు చెబుతాడు. బాగానే ఉంది. ఆ పిల్లనొక మాట అడిగితే బావుండునని ఎవరికీ తోచలేదు. వెయ్యేళ్ళ కిందటి కథ మరి.

తెనాలి నుంచి మద్రాసు దాకా

కుటుంబరావుగారు 1909 అక్టోబరు 28న తెనాలిలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోతే మేనమామగారి పంచన పెరిగారు. అన్న వెంకటసుబ్బయ్యగారి వల్ల పుస్తకాల పిచ్చి పట్టుకుంది. ఆ రోజుల ప్రకారం చదువు పూర్తికాకుండానే పెళ్ళి చేశారు. గుంటూరులో ఇంటరు, విజయనగరంలో ఫిజిక్సుతో డిగ్రీ చదివారు. ఎమ్మెస్సీకి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చేరారుగానీ, ప్రపంచమంతా ఆర్థికమాంద్యం కమ్ముకున్న రోజులవి, అది పూర్తిచెయ్యలేకపోయారు. మన నల్లరేగడి జిల్లాల్లో మధ్యతరగతి ఇళ్ళు చాలా ఆ దెబ్బకి కుదేలయ్యాయి. ఆయన నవల చదువు చదివినవాళ్ళకి ఆ రోజులెలా ఉండేవో తెలుస్తుంది. సుందరం అనే కుర్రాడు అక్షరాభ్యాసం నుంచి నిరుద్యోగం దాకా నడిచే కథ అది. చాలా చోట్ల కథ కాదు, జీవితమే అనిపిస్తుంది.

తరవాత పొట్టకోసం ఎన్నో ఉద్యోగాలు. సిమ్లాలో కొన్నాళ్ళు, జంషెడ్‌పూర్‌లో కొన్నాళ్ళు, బొంబాయిలో ఒక ప్రకటనల కంపెనీలో కొన్నాళ్ళు. ఈలోగా ఇంట్లో కష్టాలు. మొదటి భార్య పద్మావతిగారు 1939లో పోయారు. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆవిడా ఎంతోకాలం బతకలేదు. 1945లో వరూధినిగారిని చేసుకున్నారు. ఈవిడ చలంగారి తమ్ముడి కూతురు. డిటెక్టివ్ యుగంధర్‌ని సృష్టించి, తెలుగువాళ్ళకి రాత్రిళ్ళు నిద్రలేకుండా చేసే భయానక నవలలు కూడా రాసిన కొమ్మూరి సాంబశివరావుగారు ఈవిడ తోడబుట్టినవారే. బావగారు దయ్యాన్ని నవ్వించే మనిషి, బావమరిది దయ్యంతో జడిపించే మనిషి. పండక్కి ఇద్దరూ ఒకచోట చేరితే ఏం మాట్లాడుకునేవారో వినాలనిపిస్తుంది నాకు.

1952లో కుటుంబరావుగారు మద్రాసులో చందమామలో చేరారు. చందమామ పుట్టింది 1947 జులైలో. నాగిరెడ్డిగారూ చక్రపాణిగారూ కలిసి పెట్టారు. చక్రపాణిగారూ తెనాలివారే. పాతాళభైరవి, మిస్సమ్మ, గుండమ్మకథ అంటే మనకి వేరే చెప్పక్కర్లేదు కదా, ఆ విజయావారి చక్రపాణిగారే. చందమామలో జగమెరిగిన సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారు కూడా గుంటూరు జిల్లా మనిషే. మద్రాసు వడపళనిలో కూచుని ఈ గుంటూరు జిల్లావాళ్ళంతా దేశానికి కథలు చెప్పారన్నమాట. ఆ తెలుగులో కృష్ణా, గుంటూరు జిల్లాల వాడుక ఉందంటే ఆశ్చర్యం లేదు. అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లకి కూడా ఎక్కడా అడ్డుపడని తెలుగది. నా మటుకు నేను తెలుగు వాక్యం రాయడం బళ్ళో కన్నా చందమామలోనే నేర్చుకున్నాననిపిస్తుంది.

పాతిక అయిపోయాక

1950ల మధ్యలో చందమామలో బేతాళ కథలు మొదలయ్యాయి. ఒక చిన్న లెక్క వెయ్యండి. నెలకో కథ చొప్పున పాతిక కథలు రెండేళ్ళ ఒక నెలకి సరి. ఆ తరవాత? సరుకు అయిపోయిందని అంగడి కట్టేస్తే పిల్లలు ఊరుకుంటారా? అందుకని కొత్త కథలు పుట్టించారు. పురాతనమైన చట్రం అదే. అదే చెట్టు, అదే శవం, అదే రాజు. లోపలి కథ మాత్రం సరికొత్తది. కుటుంబరావుగారు తాను రాసినవి కొన్ని, పాఠకులు పంపిన కథలకి మెరుగుపెట్టి బేతాళుడి నోట పెట్టినవి మరికొన్ని. కథ చివర బ్రాకెట్లో కల్పితం అన్న ఒక్క మాట వేసేవారు. ఆ మాట నాకెంతో ముచ్చటగా ఉండేది. దయ్యం చెట్టెక్కి కూచుందని చెప్పి, ఆ వెంటనే ఇది కల్పితం సుమా అని పిల్లల చెవిలో ఊదడం! నిజాయితీ అంటే అదీ.

మార్పు అంతటితో ఆగలేదు. జాగ్రత్తగా చదివితే ప్రశ్నే మారిపోయింది. పాత బేతాళుడు ఎవరు గొప్ప అనడిగితే, చందమామ బేతాళుడు ఎక్కువగా ఎందుకిలా చేశాడని అడుగుతాడు. ఎవరో ఒకడు చేతికొచ్చిన రాజ్యం వదులుకుంటాడు. ఎవరో ఒకామె కోరి వచ్చిన సంబంధం కాదంటుంది. ఎన్నాళ్ళో తపస్సు చేసి వరం అడక్కుండా లేచిపోతాడు ఇంకొకడు. పైకి చూస్తే అది పిచ్చిపనే. బేతాళుడు కూడా పిచ్చిపనే కదా అని రాజుని రెచ్చగొడతాడు. రాజు కాదని, ఆ మనిషి మనసులో ఏం జరిగి ఉంటుందో కారణాలు చెప్పుకొస్తాడు. ఆ జవాబు మనకి సగం తట్టి ఉంటుంది, మిగతా సగం తట్టదు. అక్కడే ఉంది రుచి. ఫిజిక్సు చదివిన మనిషి కదా, ఏ పనికైనా కారణం ఉండితీరాలని ఆయన పట్టు. మధ్యతరగతి మొగుడూ పెళ్ళాల మనసులు తిరగేసి చూపించే కథలు ఆయన వందల కొద్దీ రాశారు. అదే చూపు తీసుకొచ్చి ఈ జానపద వేషాలకి తొడిగారు.

బేతాళుడి స్వభావం కూడా మారింది. ఎంత దయగా మాట్లాడతాడో చూడండి. ఈ నడిరాత్రి, ఈ శ్మశానంలో, ఇంత బరువు మోసుకుంటూ నీకెందుకయ్యా ఈ యాతన అని మొదలుపెడతాడు. కష్టం తెలియకుండా ఉంటుందని కథ అందుకుంటాడు. నీళ్ళబిందె మోస్తుంటే పక్కన నడుస్తూ లోకం కబుర్లన్నీ చెప్పే పక్కింటి పిన్నిగారికీ వీడికీ తేడా ఏముంది? సాయం మాత్రం పట్టరు, కబురు మాత్రం ఆపరు. రాజు మాట జారగానే వీడు శవంతో సహా మాయమై మళ్ళీ చెట్టుమీద తేలతాడు. రాజు మారుమాట లేకుండా వెనక్కి తిరుగుతాడు. ప్రతి నెలా అదే సంగతి అని అందరికీ తెలుసు, అయినా ప్రతి నెలా నవ్వొచ్చేది. పొద్దున అంట్లు తోమి బోర్లించి, మధ్యాహ్నానికి మళ్ళీ అవే అంట్లు తోమే మనకి విక్రమార్కుడి మీద కాస్త సానుభూతి ఉండడం న్యాయమే కదా.

మిరప కల్లంలో బేతాళుడు

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. అప్పటి ప్రకాశం జిల్లాలో పర్చూరు వైపు నల్లరేగడి పల్లె మాది. పత్తి, మిరప, పొగాకు. 1970లలో చందమామ మా ఊళ్ళో రెండిళ్ళకే వచ్చేది, ఊరంతా తిరిగేది. మాఘం నుంచి మిరప కల్లాల్లో పని ఉంటుంది. ఎర్రటి కాయల రాశి ముందు ఆడవాళ్ళు వరసగా కూచుని తాలుకాయలు ఏరుతూ, తొడిమలు తీస్తుండేవాళ్ళు. కళ్ళు మండుతాయి, తుమ్ములొస్తాయి, వేళ్ళకి నిప్పంటుకున్నట్టుంటుంది. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. చదువొచ్చిన పిల్లలం మేము పక్కన కూచుని చందమామ పైకి చదివేవాళ్ళం. బేతాళ కథలో ప్రశ్న దగ్గరికి రాగానే ఆపెయ్యాలని రూలు. రాజు జవాబు చెప్పకముందే కల్లంలో తీర్పులు మొదలయ్యేవి. వాడు వెర్రివాడని ఒకరు, కాదు అభిమానస్థుడని ఒకరు. ఒక్కోసారి విక్రమార్కుడి జవాబు కన్నా మా కల్లంలో జవాబే బాగుండేదని నా గట్టి నమ్మకం.

అదే ఊళ్ళో, అదే మిరపకాయతో ఇంకో పని కూడా జరిగేది. ఒక ఇంటి కొత్తకోడలికి తొలికాన్పులో బిడ్డ దక్కలేదు. ఆ పిల్ల మాట్లాడ్డం మానేసింది. గోడవైపు తిరిగి కూచునేది. అన్నం పెడితే తినేది కాదు. చింతచెట్టు కింద దయ్యం పట్టిందన్నారు. పొరుగూరి నుంచి భూతవైద్యుణ్ణి పిలిపించారు. వాడు నిప్పుల్లో గుప్పెడు ఎండుమిరపకాయలు పోసి, ఆ పిల్ల జుట్టు పట్టుకుని మొహం ఆ పొగమీదికి వంచి, ఎవరు నువ్వు చెప్పు, చెప్పు అని అడిగాడు. వీధి అరుగు మీద నించుని మేమంతా చూశాం. ఊపిరాడక ఆ పిల్ల ఏదో ఒక పేరు చెప్పింది. దయ్యం దొరికిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. దిష్టి తియ్యడానికీ మిరపకాయే, దయ్యాన్ని వదిలించడానికీ మిరపకాయే. పండించేది మేం, దంచేది మేం, ఆ పొగ పీల్చాల్సివచ్చిందీ మాలో ఒకతే.

అప్పటికి నాకు పదేళ్ళుంటాయేమో. ఒక్కటే సందేహం పీడించేది. చందమామలో దయ్యం మనిషిని ప్రశ్నలడుగుతుంది, మనిషి ఆలోచించి చెబుతాడు. మా ఊళ్ళో మనుషులే దయ్యాన్ని ప్రశ్నలడుగుతున్నారు, మధ్యన ఒక ఆడపిల్ల ఉక్కిరిబిక్కిరవుతోంది. ఈ రెండూ ఒకటే దయ్యం ఎలా అవుతాయి? ఆ పిల్లని వాళ్ళన్న వచ్చి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి తేరుకుని తిరిగొచ్చింది. మరుసటి ఏడు కల్లానికి కూడా వచ్చింది. బేతాళుడి ప్రశ్నకి జవాబు చెప్పమంటే మొదట్లో తలొంచుకుని కాయలు ఏరేది. పోనుపోను ఎందుకు చేశాడన్న ప్రశ్న వస్తే అందరికన్నా ముందు తనే చెప్పేది. మిగతావాళ్ళు తప్పనేదాన్ని తను తప్పు కాదని వాదించేది. ఆ పిల్ల మాట్లాడకుండా గోడవైపు తిరిగి కూచున్న రోజుల్లో, ఎందుకిలా ఉన్నావమ్మా అని అడిగినవాళ్ళు ఊరు మొత్తంలో ఒక్కరూ లేరు. ఎవరు నువ్వనే అడిగారు.

పెద్దయ్యాక కుటుంబరావుగారి వ్యాసాలు చదివితే నా పాత సందేహం తీరింది. ఆయన నాస్తికుడు, మార్క్సిజాన్ని నమ్మిన మనిషి. సైన్సు గురించి తెలుగులో విడమరిచి రాసినవారిలో మొదటి వరసలో ఉంటారు. 1970లో విప్లవ రచయితల సంఘం పెట్టినప్పుడు, అరవై ఏళ్ళ వయసులో అందులో చేరారు. అటువంటి మనిషి రాజులూ రాక్షసులూ దయ్యాలూ ఉన్న పత్రికని నడపడమేమిటని ముక్కు మీద వేలేసుకున్నవాళ్ళున్నారు. ఆయనకి మాత్రం అందులో ఇబ్బందేం కనిపించలేదు. పిల్లలకి ఊహ పెరగాలి, ఊహకి ఇలాంటి కథలు మేత అని ఆయన అభిప్రాయం. ఊహించడం వేరు, నమ్మడం వేరు. దయ్యం ఉందని నమ్మినవాడు మిరపకాయలు కాలుస్తాడు. దయ్యాన్ని ఊహించినవాడు కథ అయ్యాక పుస్తకం మూసి అన్నానికి పోతాడు. ఆ బ్రాకెట్లో కల్పితం అన్న మాట ఊరికే పెట్టింది కాదని నాకప్పుడు అర్థమైంది.

పేరు లేని వంట

మొదట్లో చెబుతానన్న సంగతి ఇది. 1952 నుంచి పోయేదాకా ఇరవై ఎనిమిదేళ్ళు చందమామని నడిపింది కుటుంబరావుగారైతే, పత్రికలో సంపాదకుడిగా పడే పేరు చక్రపాణిగారిది. ఎక్కడా కొడవటిగంటి అన్న మాట కనిపించేది కాదు. ఒడిస్సీని రూపధరుని యాత్రలనీ, ఇలియడ్‌ని భువనసుందరి అనీ తెలుగు పిల్లలకి అందించినప్పుడూ అంతే. వచ్చిన ప్రతి కథనీ చక్కదిద్ది, అందరి కథలూ ఒక్క గొంతులో వినిపించేలా చేసిన చెయ్యి ఎవరిదో చదివేవాళ్ళకి తెలియదు. ఆయన దానికి చింతించినట్టూ కనపడదు. తన పేరుతో రాసుకోవడానికి నవలలున్నాయి, వ్యాసాలున్నాయి. రోజూ మూడు పూట్లా వండి వడ్డించి, వంట బాగుందన్నప్పుడు మాత్రం ఇంటాయన పేరు వినే మన ఆడవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. కానీ మగవాళ్ళలో ఈ గుణం అరుదని ఒప్పుకోవాలి.

బేతాళుడి రూపం మాత్రం శంకర్‌గారి చలవ. కత్తి పట్టుకుని, భుజాన శవంతో నడిచే ఆ విక్రమార్కుడి బొమ్మ మన కళ్ళలో అచ్చుపడిపోయింది. తొంభై ఏళ్ళు దాటి బతికి 2020లో పోయారాయన. 1985లో దూరదర్శన్‌లో విక్రమ్ ఔర్ బేతాళ్ వచ్చినప్పుడు విక్రముడి వేషం అరుణ్ గోవిల్‌ది. ఆ తరవాత రాముడయ్యాడు, ఊరూరా హారతులిచ్చారు. నాకు మాత్రం భుజాన బేతాళుడున్న గోవిలే బావున్నాడనిపిస్తుంది. రాముడికి అలా వెనకనించి ప్రశ్నలు వేసేవాళ్ళు ఎవరున్నారు?

కుటుంబరావుగారు 1980 ఆగస్టు 17న పోయారు. అప్పటికీ చందమామ ఉద్యోగంలోనే ఉన్నారు. ఆయన పోయినా బేతాళుడు ఆగలేదు. వసుంధర అన్న పేరుతో రాసే భార్యాభర్తల జంట లాంటివాళ్ళు ఎందరో అదే అచ్చులో చందమామకి కథలు రాస్తూ వచ్చారు. 2010ల మొదట్లో పత్రిక మూతపడేదాకా విక్రమార్కుడు ఆ శవాన్ని భిక్షువు దగ్గరికి చేర్చనేలేదు. ఇంగ్లీషు దయ్యం ఈలోగా ఎన్నో వేషాలు మార్చింది. 2005లో వచ్చిన ట్విలైట్ నవలలో పాపం అది బళ్ళో చదివే పిల్లని ప్రేమించి, రక్తం తాగకూడదని ఒట్టేసుకుని నానా అవస్థా పడింది. రక్తం ముట్టకుండా బతకడమెలాగో మన బేతాళుణ్ణి అడిగితే వెయ్యేళ్ళ కిందటే చెప్పేవాడు.

సంస్కృతంలో ఈ కథ ముగిసిన తీరు కూడా చెప్పేస్తాను. చివరి కథలో ఒక రాజు, ఆయన కొడుకు అడవిలో రెండు జతల అడుగుజాడలు చూస్తారు. ఒక జత పెద్దది, ఒకటి చిన్నది. ఇద్దరాడవాళ్ళు నడిచి వెళ్ళారని తెలుసుకుని, పెద్ద పాదాలావిణ్ణి తండ్రి, చిన్న పాదాలావిణ్ణి కొడుకు చేసుకోవాలని ముందే మాట అనుకుంటారు. తీరా వెళ్ళి చూస్తే వాళ్ళు తల్లీ కూతుళ్ళు, పెద్ద పాదాలు కూతురివి! మాట తప్పకూడదు గనక తండ్రి కూతుర్నీ, కొడుకు తల్లినీ పెళ్ళాడతారు. రెండు జంటలకీ పిల్లలు పుడతారు. ఆ పిల్లలు ఒకరికొకరు ఏమవుతారని బేతాళుడి ప్రశ్న. విక్రమార్కుడికి జవాబు తెలియలేదు. తెలియదు గనక నోరు విప్పలేదు, శవం చెట్టెక్కలేదు, కథలు అక్కడితో ఆగిపోయాయి. పాపం, మహారాజు కదా, వరసలు ఎవరు నేర్పుతారు? ఏ పెళ్ళిపందిట్లోనో ఒక మూల కూచుని ఎవరికి ఎవరేమవుతారో గుక్క తిప్పుకోకుండా చెప్పగల పెద్దావిడ మీ ఇంట్లో ఒకావిడ ఉండే ఉంటుంది. ఆవిణ్ణి అడిగి చూడండి.